మణికట్టు మీద ఏడుపు

ఆరేళ్ళప్పుడు వచ్చిన జ్వరం ఆమె చెవులు రెండింటినీ పట్టుకుపోయింది. మాట మిగిలింది, చేతిలో పనితనం అబ్బింది. ఆమె కాలరు కుట్టిందంటే వంక పెట్టడానికి వీల్లేదు. వీధంతా టైలరమ్మా అనే పిలుస్తుంది. పిలిస్తే వినపడదన్న సంగతి పిలిచాక గానీ గుర్తురాదు మహానుభావులకి!

పాప పుట్టాక మొగుడు ఎక్కడో వెతికి ఒక చేతి బ్యాండు తెచ్చాడు. దాంతోపాటు వచ్చి ఉయ్యాలకు కట్టిన బిళ్ళ పాప ఏడుపు వింటే చాలు, మణికట్టు మీద బ్యాండు ఆగకుండా వణుకుతుంది. మొదటిసారి అది వణికినప్పుడు టైలరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కన్నకూతురు పిలిస్తే ఆమెకు తెలియడం అదే మొదలు మరి.

అత్తగారికి మాత్రం గురి కుదరలేదు. "ఆటబొమ్మను నమ్మి పసిపిల్లను వదిలేస్తారా ఎక్కడైనా?" అని పెదవి విరిచింది.

అన్నంత పనీ అయింది. ఒక మధ్యాహ్నం టైలరమ్మ మందపాటి గుడ్డ కుడుతోంది. మోటారు మిషను నడుస్తుంటే మోచేతిదాకా అదురే, అందులో బ్యాండు వణుకు ఎక్కడ తెలుస్తుంది? బజారు నుంచి వచ్చిన అత్తగారు చూసేసరికి పాప ఏడ్చి ఏడ్చి కందిపోయి ఉంది. "నా తల్లే!" అంటూ ఎత్తుకుని, ఉయ్యాలను కూడా తన గదిలోకి లాక్కుపోయింది. కూడు పెట్టే మిషనే కూతుర్ని దూరం చేసింది, ఏం ఖర్మో!

మర్నాడే టైలరమ్మ బ్యాండును ఎడమ కాలికి మార్చుకుంది. తొక్కేది కుడికాలు కాబట్టి అక్కడ వణుకు చక్కగా తెలుస్తోంది. అయినా అత్తగారు ఒప్పుకోలేదు. "నువ్వు మిషను మీదున్నంతసేపూ పాప నా దగ్గరే. కోపం కాదే అమ్మాయ్, భయం," అంది, పెదవులు కనబడేలా ఎదురుగా నిలబడి. భయమన్న మనిషితో ఏం వాదిస్తాం?

పాప పాకడం నేర్చింది. ఒకరోజు కుడుతుండగా టైలరమ్మ పాదానికి ఏదో తగిలింది. బ్యాండు కాదు. వంగి చూస్తే మిషను కింద పాప! చిట్టి అరచేత్తో అమ్మ పాదాన్ని తడుతోంది. కిక్కురుమనకుండా, అమ్మ ముఖం కనబడేదాకా తట్టింది.

వెనకే వచ్చిన అత్తగారు గుమ్మంలో నోరు వెళ్ళబెట్టింది. "ఆకలేస్తే నా దగ్గర ఇల్లెగిరిపోయేట్టు ఏడుస్తుందే ఇది! నీ దగ్గరికొచ్చి నోరే విప్పలేదు. ఎవరు నేర్పారే?"

ఎవరు నేర్పుతారు? ఏడిస్తే ఈ అమ్మ రాదు, ముట్టుకుంటే వస్తుందని తొమ్మిది నెలల పిల్ల తనంతట తానే కనిపెట్టింది.

అత్తగారు కళ్ళు తుడుచుకుంది. లోపలికెళ్ళి ఉయ్యాల ఈడ్చుకొచ్చి మిషను పక్కన పెట్టింది.