పిట్ట రాని తెర

మా మామ పోయాడన్న కబురు నాకు ఆత్మకూరు సంతలో తెలిసింది. ఉదయగిరి నుంచి చింతపండు బండి తోలుకొచ్చిన మనిషి నన్ను గుర్తుపట్టి, బండి దిగకుండానే, "ఉపదేశయ్య పోయినాడు పాపా. జ్వరం తగిలింది, మళ్లీ లెయ్యలా" అన్నాడు. కొండ కింద మట్టి కూడా చేసేశారట. ఇంటికెళ్లి అమ్మకు ఎలా చెప్పాలా అన్న బెంగతో దారంతా నడిచాను. మామ అమ్మకు తోడబుట్టిన అన్న. చెప్పాక అమ్మ ఏడవలేదు. "చూసినోళ్లు చెప్పినారా, విన్నోళ్లు చెప్పినారా?" అని అడిగింది. అది మామ అడిగే ప్రశ్న. మట్టి వేసి వచ్చినవాడే చెప్పాడన్నాక, పొయ్యి ముందు కూలబడి అప్పుడు ఏడ్చింది.

ఇది చదివేవారికి మా మామ ఎవరో తెలియదు. ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి వాక్యం చెప్పే ఉపదేశి ఆయన. అంతకుముందు తోళ్లు పదును చేసేవాడు. చదువు వయసు ముదిరాక వచ్చింది. అందుకని ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టి, వాగులో రాళ్ల మీద అడుగు వేసేవాడిలా నెమ్మదిగా చదివేవాడు. ఒక వరస అయ్యాక మళ్లీ మొదటికి వెళ్లి సరిచూసుకునేవాడు. బైబిలును తాను పదును చేసిన మేకతోలు సంచిలోనే దాచి, వానొచ్చినా ఎండొచ్చినా చంకలోనే పెట్టుకు తిరిగేవాడు.

ఎవరేం చెప్పినా "రాసి ఉండాదా?" అనేవాడు. అది ఆయనకు ఊతపదం. ప్రార్థన కూటంలో ఎవరైనా ఉత్సాహపడి నోవహు ఓడలో ఏనుగు ఇలా నిలబడింది, కోతి అలా దూకింది అని కథ పెంచితే, మామ ముఖం చిన్నబోయేది. "లేనిది పెట్టబాక, ఉన్నది తియ్యబాక" అని ఆపేవాడు. ఇంట్లో కూడా అంతే. అత్త సంగటి పెట్టి ఉప్పు సరిపోయిందా అని అడిగితే, రెండో ముద్ద తినిగానీ జవాబు చెప్పేవాడు కాదు. ఉప్పు సంగతి ఏ అధ్యాయంలో ఉంది మామా అని నేను ఎగతాళి చేసేదాన్ని. నవ్వేవాడు గానీ, రెండో ముద్ద మానలేదు.

ఆయన భయస్థుడు. పులికీ పాముకీ కాదు, నోటి మాటకు భయపడేవాడు. తాను చెప్పిన మాట పట్టుకుని ఏ ముసలమ్మ ఏ దారిన పోతుందో అని రాత్రీ పగలూ ఆయనకు దిగులు. ఆ దిగులు నిజమైన రోజు ఒకటి వచ్చింది. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు అదే గుర్తొస్తుంది.

ధాత నామ సంవత్సరంలో పడిన పెద్ద కరువు మా ఇంటికి వచ్చినప్పుడు నా తమ్ముడు ఒక మేస్త్రీ వెంట కాలవ తవ్వకం పనికి పోయాడు. పెన్న దాటి, తూర్పుగా, సముద్రం వైపు. పోయేటప్పుడు అమ్మతో, పని దొరికితే ఎవరిచేతనైనా కబురు చేస్తానన్నాడు. కబురు రాలేదు. ఆ పనుల్లో కలరా తగిలిందని కొందరు, ముఠాలు రేవు దాటి ఎక్కడికో పోయాయని కొందరు చెప్పారు. చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. వాడు ఏ రాత్రి వస్తాడోనని అమ్మ రోజూ సందేళ గుడిసె తడిక దగ్గరికి లాగి, తాడు కట్టకుండా వదిలేసేది. కుక్కలొస్తాయే అంటే వినేది కాదు.

వానలు మళ్లీ పడి జొన్న మొలకెత్తాక తోలుబొమ్మలవాళ్లు మా పల్లెకు వచ్చారు. ఆ ఆటగాడు వరికుంటపాడు దగ్గర ఉండేవాడు. కరువులో వాళ్ల ఆటకు పిలుపు లేకుండా పోయింది. కొత్తగా క్రైస్తవులైన పల్లెలవాళ్లు పాత ఆటలకు రారు. అందుకని అతడు మామ దగ్గర కూర్చుని బైబిలులోని యోసేపు కథ చెప్పించుకున్నాడు. మామ ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. చెబుతూనే అతడు బొమ్మ కోసం గీకుతున్న మేకతోలు లాక్కుని, ఇంకా పలచబడాలయ్యా, వెలుగు దూరదు అని తానే గీకిపెట్టాడట. పాత చేతులు ఊరుకోవు కదా.

ఆట కట్టే రోజు కూటంలో పెద్ద రగడ అయింది. దేవుడి వాక్యాన్ని తెర మీద ఆడించడమేమిటి, బొమ్మ చేయగూడదని ఆజ్ఞ ఉంది కదా అని కొందరు. పిలిచినా కూటానికి రానివాళ్లు ఆటకు వస్తారు, వింటే తప్పేమిటి అని కొందరు. ఉదయగిరి అత్తరు సాయిబు ఒకాయన ఆ దారిన పోతూ, అది మా యూసుఫ్ కథే, నేనూ చూసే పోతానని చాప పరుచుకున్నాడు. అందరూ మామ వైపు తిరిగారు. మామ తోలుసంచి నిమురుతూ, "చూడొచ్చా కూడదా అని నన్ను అడగబాకండి. చూసినాక ఇంటికి పోయి పుస్తకం విప్పుకోండి" అన్నాడు. అని, తానే మళ్లీ దిగులుగా నాతో అన్నాడు, ఎవరింట్లో పుస్తకం ఉంది, ఉన్నా చదవడం ఎవరికి వచ్చు అని. ఆయన భయం బొమ్మ గురించి కాదు. సరిచూసుకోలేనివాళ్లకు తెరే పుస్తకమైపోతుందని భయం.

ఆట బ్రహ్మాండంగా ఉంది. నేను దాచుకోను. తెర వెనక ఆముదం దీపాలు, మద్దెల, యోసేపు ఒంటి మీద ఎరుపూ నలుపూ కలిసిన రంగుల అంగీ. అన్నలు అతన్ని గోతిలో వేసినప్పుడు మా పల్లె ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకున్నారు. వర్తకులు తీసుకుపోయి ఐగుప్తులో అమ్మేశారు. ఇక్కడ తండ్రి యాకోబు గోనెపట్ట కట్టుకుని ఏడుస్తున్నాడు. అప్పుడు ఒక పిట్ట వచ్చింది. ఐగుప్తు నుంచి ఎగిరి వచ్చి ముసలివాడి భుజం మీద వాలి, నీ బిడ్డ క్షేమం, దిగులు పడొద్దని చెప్పింది. జనం హమ్మయ్య అనుకున్నారు. తోలుబొమ్మలవాళ్ల పెట్టెలో ఆ పిట్ట ఎప్పుడూ ఉంటుంది. వాళ్ల ఆటల్లో ఎవరు ఎవరికి దూరమైనా, దీపంలో మళ్లీ నూనె పోసేలోపు కబురు మోసే పిట్ట రావలసిందే. అది వాళ్ల ఆనవాయితీ. ఆటగాడు ఏ పాపం తెలియక దాన్ని ఇందులోనూ ఎగరేశాడు.

నా పక్కన కూర్చున్న అమ్మ ఆ పిట్టనే చూసింది. తర్వాత జరిగిన కథంతా ఆమె చూసిందో లేదో నాకు తెలియదు. ఇంటికొచ్చి తడిక లాగి, తాడు తీసుకుని గట్టిగా ముడి వేసింది. ఎందుకమ్మా అంటే, "బతికి ఉండే బిడ్డ కబురు పంపతాడు. వాడు పంపలా" అంది. అంతే.

తెల్లారి నుంచి ముద్ద ముట్టలేదు. తమ్ముడి చెప్పులు చూరు నుంచి తీసి ఎవరికో ఇచ్చేసింది. అది ఆటలో పెట్టిన మాటే, వాక్యం కాదని నేను చెప్పి చూశాను. ఉపదేశి చెప్పిన కథేగా అది అంది. ఆకలితో పోయినవాళ్లను ఆ కరువులో చాలామందిని చూశాను. తిండి ఉండీ తినక పోయేవాళ్లను చూడటం ఇంకా భయం. బండివాళ్ల చేత మామకు కబురు పంపి, రోజూ ఉదయగిరి బాట వైపు చూస్తూ కూర్చున్నాను. అమ్మ పెదవులు ఎండి చీలాయి.

మామ నడిచి వచ్చాడు. కాళ్లు కడుక్కోకుండానే అమ్మ ముందు కూర్చుని తోలుసంచి విప్పాడు. యోసేపును అమ్మేసిన చోట వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. అమ్మ గోడకు తిరిగి పడుకుని వింటోంది. తండ్రి ఏడ్చిన చోటు అయ్యాక, పిట్ట రాలేదేమని అడిగింది. పిట్ట లేదన్నాడు మామ. పిట్ట కాకపోతే మనిషినైనా పంపి ఉంటాడే అంది. మామ చదువుతూ పోయాడు. చెరసాల అయింది, కలలు అయ్యాయి, యోసేపు పెద్ద అధికారి అయ్యాడు. ఇప్పుడు పంపినాడా అని అమ్మ ఇటు తిరిగింది. మామ ఆగి, వేలు వెనక్కి తెచ్చి, ఆ పుటలన్నీ మళ్లీ మొదటి నుంచి వెతికాడు. నిజంగానే వెతికాడు. దొరికితే బాగుండునని ఆయనకూ ఉంది, ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది.

"అప్పుడూ పంపలా మే," అన్నాడు చివరికి. "ఒక్క మాట పంపినట్టు యాడా రాసి లేదు. ఎందుకు పంపలేదో నాకూ తెలవదు. వాళ్ల నాయన బిడ్డ చచ్చిపోయినాడనే ఏడ్చినాడు, ఏళ్ల తరబడి. కబురు లేదు. అయినా పిల్లోడు బతికే ఉండాడు."

అమ్మ లేచి కూర్చుంది. "అయితే నా బిడ్డ ఉండాడా అన్నా?"

ఉన్నాడని ఒక్క మాట అంటే ఏం పోతుంది? నేనైతే అనేసేదాన్ని. మామ పుటమీద నుంచి వేలు తియ్యలేదు. "అది రాసి లేదు. ఉండాడని నేను చెప్పను," అన్నాడు. "కబురు రాలేదు గదా అని పోయినాడనుకోబాక. నేను చెప్పగలిగింది అంతవరకే."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత గంజి అడిగింది. ఆ సందేళ తడికకు తాడు కట్టలేదు.

మర్నాడు పొద్దున పొలిమేర దాకా మామను సాగనంపుతుంటే, తాను చేసింది తప్పా ఒప్పా అని నన్ను అడిగాడు. ఆశ పెట్టి చంపడం కూడా చంపడమే కదా పాపా అన్నాడు. ఆయన చంకలో సంచి సర్దుకుని, ఇంటివైపు కాకుండా వరికుంటపాడు దారి పట్టాడు.

అక్కడ జరిగింది ఆ తర్వాత ఆటగాడే నాతో చెప్పాడు. పిట్టను తీసెయ్యమని మామ అడిగాడట. అది తీస్తే జనం కూర్చోరు, మా తాతల నాటి నుంచి ఇంతే అని ఆటగాడు మొరాయించాడు. మామ కోప్పడలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆటే కట్టిపెట్టమని కూడా అనలేదు. మా అమ్మ సంగతి చెప్పాడు, అంతే. అది విని ఆటగాడు, మరి ఆ చోట ఏం ఆడించమంటారని అడిగాడు. "ఏమీ ఆడించబాక. అక్కడ ఏమీ లేదు" అన్నాడట మామ.

ఇలాంటి ఆటలు చూడవచ్చా కూడదా అని ఇప్పటికీ మా కూటంలో అడుగుతూనే ఉన్నారు. మామ లేడు గనుక నన్ను అడుగుతున్నారు, ఆ తర్వాత చదువు నేర్చుకుని బడిలో పిల్లలకు అక్షరాలు చెప్పేదాన్నని. నాకు తెలియదు. ఆ ఆటే లేకపోతే మా అమ్మ ఆ అధ్యాయం ఎప్పటికీ వినేది కాదు. ఆ ఆట వల్లనే దాదాపు చచ్చిపోయింది కూడా. ఈ రెంటిలో ఏది ముందు చెప్పాలో తేలక నోరు మూసుకుంటున్నాను. మామ ఉంటే ఆయనా తేల్చేవాడు కాదనుకుంటాను. కానీ ఆయన తేల్చకపోయినా పక్కన ఉండేవాడు, ఇంటికి నడిచి వచ్చి పుస్తకం విప్పేవాడు. ఇప్పుడు పిల్లలకు కథ చెబుతుంటే నా నోట్లోకి ఎక్కడి నుంచి ఏ మాట వస్తుందోనని భయమేస్తుంది. చెప్పి, మళ్లీ వెనక్కి వెళ్లి సరిచూసుకుంటాను. పిల్లలు నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ.

మామ పోయాడని తెలిసి ఆటగాడు పోయినవారం మా పల్లెకు వచ్చాడు. ఉపదేశయ్య పేరు మీద యోసేపు ఆట ఆడతానన్నాడు. ఎవరూ వద్దనలేదు. చీకటి పడుతుండగా తెర కట్టారు. గొయ్యి వచ్చింది, వర్తకులు వచ్చారు, యాకోబు ఏడ్చాడు. అంతలో ఆటగాడు ముసలివాడి బొమ్మను మెల్లగా పక్కకు తీసేశాడు. మద్దెల ఆగింది. తెర మీద ఇక ఏమీ లేదు. వెనక దీపాలు మాత్రం వెలుగుతున్నాయి.

జనం కాసేపు చూశారు. ఏంది, ఆట అయిపోయిందా అని వెనక ఎవరో గొణిగారు. ఇద్దరు ముగ్గురు పైబట్టలు దులుపుకుని లేచారు. నేనూ ఆ తెల్లటి గుడ్డను చూడలేక అమ్మ వైపు చూశాను. సరిగ్గా అప్పుడే దీపానికి ఒక పురుగు తగిలింది. రెక్కల నీడ ఇంత పెద్దదై తెర మీద అల్లాడింది. అదిగో పిట్ట వచ్చినాదన్నారు ఎవరో ఆశగా.

"పిట్ట కాదు, పురుగు," అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండానే. "ఇక్కడ ఏమీ రాదు. కూర్చోండి."

లేచినవాళ్లు కూర్చున్నారు. నీడ పోయింది. తెర మళ్లీ ఖాళీ అయింది. అమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని, ఆ ఖాళీ వెలుగును చూస్తూ కూర్చుంది.