ఓడ మీద మొగుడు, నాలుగో అంతస్తులో లోరెల్

లోరెల్ పికెట్ తన ఊళ్లో ఉన్నన్నాళ్లూ స్కూలు బస్సు నడిపింది. అయోవాలో మొక్కజొన్న చేల మధ్య కంకర రోడ్ల మీద, పొద్దున నలభై ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని, సాయంత్రం ఎవరింటి ముందు వాళ్లను దింపేది. ఆ గోల ఎలా భరిస్తావని ఎవరైనా అడిగితే, "గోల ఆగితేనే నాకు భయం. వెనకాల ఏదో వెధవపని జరుగుతోందని అర్థం" అనేది.

భర్త నోలన్ అమెరికా నౌకాదళంలో ఇంజన్ మెకానిక్. సముద్రంలో మందుపాతరలు వెతికే చిన్న ఓడ మీద పని. ఆ ఓడ ఉండేది బహ్రెయిన్‌లో. బదిలీ కాగితం వచ్చినప్పుడు లోరెల్ బస్సు తాళాలు అప్పజెప్పి అతనితో పాటే విమానం ఎక్కింది. జుఫైర్ అనే పేటలో, నౌకాదళం గేటుకు పది నిమిషాల నడక దూరంలో, ఒక పసుపురంగు మేడ నాలుగో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నారు.

పని దొరుకుతుందనుకుంది, దొరకలేదు. బేస్ లోపల ఉన్న నాలుగు ఉద్యోగాలకు నలభై మంది భార్యలు కాచుకుని ఉన్నారు. మూడుసార్లు దరఖాస్తు పెట్టి, నాలుగోసారి కాగితం నింపుతూ మధ్యలోనే కలం పక్కన పెట్టేసింది.

మొదటి ఏడాది ఎదురు ఫ్లాటులో కోరా ఉండబట్టి గడిచింది. ఆమె భర్తదీ అదే ఓడ. కోరా అలబామా మనిషి, నవ్వితే లిఫ్టులోకి వినిపించేది. ఇద్దరూ కలిసి చేపల మార్కెట్టుకు వెళ్లేవారు, కలిసి దారి తప్పేవారు, ఓడ ఆలస్యమైందని కబురొస్తే కలిసి తిట్టుకునేవారు. మే నెలలో కోరా వాళ్లకు బదిలీ అయింది. రెండు రోజుల్లో సామాను అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయింది. "వెళ్లగానే ఫోన్ చేస్తానే" అంది కోరా. చేసింది కూడా, రెండుసార్లు. ఆ తర్వాత ఆమె చుట్టూ కొత్త ఊరు, కొత్త ఇల్లు, పిల్లల కొత్త స్కూలు. లోరెల్‌కు కోపం రాలేదు. తను వెళ్లిపోయినా అంతే చేసి ఉండేది.

అప్పటికే నోలన్ ఓడ బయల్దేరి మూడు వారాలైంది. ఆరు వారాల్లో వస్తామన్నారు.

కోరా వెళ్లిన వారమే బేస్‌లోని కుటుంబాల ఆఫీసు నుంచి కబురొచ్చింది. పర్సులో పెట్టుకునే చిన్న కార్డు కొత్తది తీసుకోవాలట. అందులో ఒక గడి ఉంది: ఆపదలో ఎవరికి కబురు చెయ్యాలి, ఈ ఊళ్లో ఉండే మనిషి పేరు. పాత కార్డులో అక్కడ కోరా పేరు ఉండేది. లోరెల్ ఆ గడి ముందు చాలాసేపు కూర్చుంది. నోలన్ ఓడ వాళ్ల భార్యలు ఇంకా పదిమంది ఉన్నారు. నవ్వుతూ పలకరిస్తారు, నెలకోసారి భోజనానికి పిలుస్తారు. కానీ వాళ్లలో ఎవరి ఫోన్ నంబరూ ఆమెకు నోటికి రాదు.

నోటికి వచ్చిన నంబరు ఒక్కటే, ఇంటి ఓనరమ్మది. నీళ్ల ట్యాంకు పాడైతే చెయ్యమని గోడమీద అంటించిన కాగితం మీదిది.

ఆవిడ ఉమ్ ఫాదిల్. కింది రెండు అంతస్తుల్లో కొడుకులు, కోడళ్లు, మనవలతో ఉంటుంది. అరవై దాటాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో పేర్లు రాసుకునే బల్ల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైంది, అందుకే ఇంగ్లీషు గడగడా వచ్చు. లోరెల్‌తో ఆవిడ మాట్లాడింది మొత్తం రెండుసార్లు. మొదటిసారి, కుళాయి తిప్పితే చర్మం ఊడొచ్చేంత వేడినీళ్లు వస్తున్నాయని లోరెల్ ఫోన్ చేసినప్పుడు. "ట్యాంకు ఎండలో ఉంది తల్లీ, ఐసుముక్కలు వెయ్యమంటావా దాంట్లో? గీజరు ఆపెయ్, అందులో నీళ్లు నీడపట్టున చల్లారతాయి. వేడి కుళాయి తిప్పుకుంటే చల్లనీళ్లొస్తాయి. ఈ దేశంలో ఎండాకాలం అంతా తలకిందులే" అంది. రెండోసారి, మెట్ల మీద పిల్లులకు పాలు పోస్తోందని కోప్పడింది.

లోరెల్ గడిలో ఉమ్ ఫాదిల్ అని రాసింది. బంధుత్వం అన్నచోట ఇంటి ఓనరు అని రాసింది. ఆవిణ్ణి అడగలేదు. అడగడానికి సిగ్గేసింది.

జూన్ వచ్చింది. ఓడ ఇంకో నెల ఆలస్యమన్నారు. ఓడ మీద ఫోన్లు మూసేశారు, ఉత్తరాలు కూడా ఎప్పుడో ఒకటి. ఆ నెలలో లోరెల్ వరసగా మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని ఒకనాడు గమనించింది. కూరగాయల కొట్టులో మలయాళీ కుర్రాడు "సంచి కావాలా" అని అడిగితే జవాబు చెప్పబోయి గొంతు పెగల్లేదు, దగ్గాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో పైకి మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. "ఇప్పుడు బట్టలు మడతపెడదాం" అని గోడలకు చెప్పేది. కడుపులో తిప్పుతుంటే ఎండదెబ్బ అనుకుంది. నెలసరి తప్పితే దిగులు వల్ల అనుకుంది.

రంజాను పండుగ వెళ్లిన అయిదో రోజు, అదే కొట్టులో టమాటాలు ఏరుతూ ఉండగా పొత్తికడుపులో కత్తి తిప్పినట్టయింది. బల్ల పట్టుకోబోయింది. అంతవరకే గుర్తు.

కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి. ఎవరో సంతకం చెయ్యమన్నారు, చేసింది. మళ్లీ కళ్లు తెరిచేసరికి సాయంత్రపు వెలుతురు, మంచం పక్కన, ఒళ్లంతా కప్పే నల్ల అబాయాలో ఉమ్ ఫాదిల్. వెనకాల ఆవిడ చిన్నకోడలు జైనబ్ కారు తాళాలు పట్టుకుని నిలబడి ఉంది.

"లేచావా" అంది ఉమ్ ఫాదిల్. "నా పేరు ఎవర్ని అడిగి రాశావు?"

"ఎవర్నీ అడగలేదు" అంది లోరెల్.

"ఫోన్‌లో ఒక పిల్ల 'మిసెస్ ఉమ్ ఉన్నారా' అంటుంది. ఉమ్ అంటే అమ్మ. ఎవరి అమ్మ, ఎవరి నాన్న అని తిట్టి పెట్టేశాను. రెండోసారి కూడా తిట్టాను. మూడోసారి నీ పేరు చెప్పింది." ఆవిడ దుప్పటి సర్దింది. "పైగా ఇంటి ఓనరు అని రాశావు. అది చదివి ఇక్కడివాళ్లు నవ్వుకున్నారు. ఇంటి ఓనరు ఆపరేషన్ గది బయట కూర్చోవడం ఎక్కడన్నా చూశామా అని."

"కూర్చున్నారా?"

"మరి నిలబడమంటావా నాలుగు గంటలు, ఈ మోకాళ్లతో?"

డాక్టరమ్మ వచ్చి నెమ్మదిగా చెప్పింది. గర్భం సంచిలో కాకుండా పక్క గొట్టంలో నిలిచిందట, ఎనిమిది వారాలు. గొట్టం పగిలి లోపల రక్తం పోయింది. ఇంకో గంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు. ఇంకో వైపు గొట్టం బాగానే ఉంది, ముందు ముందు చూడొచ్చు. లోరెల్ అన్నిటికీ తల ఊపింది. బిడ్డ ఉన్నదని, లేదని, రెండూ ఒక్క నిమిషంలోనే విన్నది. దేనికి ఏడవాలో తేలలేదు, ఏడవలేదు.

నోలన్‌కు నౌకాదళం ద్వారా కబురు పంపారు. నాలుగో రోజు జవాబొచ్చింది. "కబురందింది. నువ్వు బాగున్నావు, అది చాలు. పంపించడానికి కుదరదన్నారు. నోలన్." లోరెల్ దాన్ని చాలాసార్లు చదివింది. ఇంకో వాక్యం ఎక్కడైనా ఉంటుందేమోనని.

ఓడ వాళ్ల భార్యలు వంతులు వేసుకుని భోజనాలు పంపారు. పదిరోజుల పాటు రోజుకొకరు గుమ్మంలో కనబడ్డారు. చేతిలో చీజ్ వేసి కాల్చిన మాకరోనీ పళ్లెం, వెనకాల చంటిపిల్లలు, కింద ఇంజన్ ఆపని కారు. "ఏం కావాలన్నా ఫోన్ చెయ్" అనేవాళ్లు. మంచివాళ్లే. పళ్లెం చేతికిచ్చి వెళ్లిపోయేవాళ్లు. ఫ్రిజ్‌లో మాకరోనీ పేరుకుపోయింది.

అయోవాలో తల్లికి మాత్రం లోరెల్ చెప్పలేదు. "ఇక్కడ ఎండలమ్మా" అని చెప్పి పెట్టేసేది.

ఇంటికొచ్చిన వారానికి, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఉమ్ ఫాదిల్ గిన్నెతో చేపల పులుసు తెచ్చింది. గిన్నె బల్ల మీద పెట్టి, గది నాలుగు మూలలా చూసింది.

"ఎంత చల్లగా ఉంది ఇక్కడ. ఎవరూ లేరు కూడా."

"ఎవరూ లేరు" అంది లోరెల్.

"అదృష్టవంతురాలివి" అనేసి, వెంటనే నాలిక్కరుచుకుంది ఆవిడ. "మా ఇంట్లో పద్నాలుగు మంది తల్లీ. స్నానానికి వెళ్లినా తలుపు కొట్టి, బామ్మా ఛార్జరెక్కడ అంటారు. ఈ సోఫా మీద ఒక్క పావుగంట నడుం వాల్చనా?" అని అడిగింది.

పావుగంట అన్నది రెండు గంటలైంది. అబాయా మడిచి తలకింద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి ఆవిడ నిద్రపోయింది. గురక పెట్టింది. ఆ గురక కొద్దికొద్దిగా పైకి పోయి, అక్కడ తెగి, మళ్లీ కిందినుంచి మొదలయ్యేది. లోరెల్ వంటింట్లో చప్పుడు కాకుండా గిన్నెలు తుడిచి, కుర్చీ తెచ్చుకుని కొంచెం దూరంగా కూర్చుంది. ఆ ఇంట్లో తనది కాని ఊపిరి విని రెండు నెలలైంది.

మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. శుక్రవారం తప్ప రోజూ. పెద్దగా మాట్లాడేది కాదు. లేచి టీ తాగి, "మాకరోనీ పారెయ్, కంపు కొడుతోంది" అనో, "జుట్టు దువ్వుకో, దయ్యంలా ఉన్నావు" అనో అని వెళ్లేది. ఆపరేషన్ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఆవిడకు కావలసింది నిద్ర, అంతే. లోరెల్‌కు అదే నచ్చింది. తన మీద జాలితో రాని మనిషి ఆవిడొక్కతే.

ఆగస్టులో ఓడ వచ్చింది, పద్నాలుగు వారాల తర్వాత. రేవులో నోలన్ ఆమెను గట్టిగా పట్టుకున్నాడు. చిక్కిపోయాడు, డీజిలు వాసన. ఇంటికొచ్చి పడుకుంటే రెండు రోజులు లేవలేదు. మూడోరోజు ఒంటిగంటన్నరకు గంట మోగింది. లోరెల్ తలుపు తీసేసరికి ఉమ్ ఫాదిల్ గుమ్మం పక్కన మగవాడి బూట్లు చూసి అప్పటికే వెనుదిరిగింది.

"రండి, ఆయన లోపలి గదిలో ఉంటాడు" అంది లోరెల్ మెట్ల దాకా వెంటపడి.

"నీ మొగుడు ఇంట్లో ఉండగా నీ సోఫా మీద గురక పెట్టమంటావా? వెళ్లు, వెళ్లి ఆయన దగ్గర కూర్చో."

వెళ్లి కూర్చుంది. నోలన్ పంపు చెడిపోయిన సంగతి, వంటవాడి సంగతి చెప్పేవాడు. ఆమె పిల్లుల సంగతి చెప్పేది. భోజనం మధ్యలో ఇద్దరూ ఒకేసారి ఆగిపోయేవారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయితే లోరెల్ చూపు తలుపు మీదికి పోయేది. మొగుడు పక్కనుండగా ఇదేం దిగులని తనను తానే కసురుకునేది.

పదకొండో రోజు సాయంత్రం కారు తీసుకుని చేపల పడవలు ఆగేచోటికి వెళ్లారు. నోలన్ ఇంజన్ ఆపి స్టీరింగు మీద చేతులుంచి అన్నాడు. "ఆ కబురు కెప్టెన్ గదిలో చదివి వినిపించారు. రెండు వాక్యాలు. నేను కిందికి పోయి పంపు విప్పాను. బాగున్న పంపే. విప్పి, మళ్లీ బిగించాను. ఇంకేం చెయ్యాలో తెలీలేదు."

"నాకూ తెలీలేదు" అంది లోరెల్. "స్ట్రెచర్ మీద నా టమాటాలేవని అడిగానంట."

నోలన్ నవ్వబోయాడు. నవ్వు సగంలో మారిపోయింది. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది, చీకటి పడేదాకా. తనకు మాత్రం ఏడుపు రాలేదు. తిరిగొస్తుంటే నోలన్ చెప్పాడు, ఓడ మళ్లీ సెప్టెంబరు పదిన బయల్దేరుతుందని.

బయల్దేరింది. మర్నాడు లోరెల్ సోఫా మీద దుప్పటి దులిపి, టీ నీళ్లు సిద్ధం చేసుకుని కూర్చుంది. ఉమ్ ఫాదిల్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోరోజు కిటికీలోంచి చూస్తే సందు పొడుగునా నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. మొహర్రం సంతాప దినాలు మొదలయ్యాయి. కింద అంతస్తులోకి ఆడవాళ్లు గుంపులుగా వెళ్తున్నారు.

లోరెల్ పెట్టెలోంచి నల్ల గౌను తీసి వేసుకుంది. నలుగురూ ఏమనుకుంటారోనని మెట్ల మధ్య ఒకసారి ఆగింది. తర్వాత దిగింది. జైనబ్ ఆమెను చూసి ఏమీ అడగకుండా గోడవారగా చోటు చూపించింది. హాలు నిండా నల్లబట్టల్లో ఆడవాళ్లు కింద కూర్చుని ఉన్నారు. ముందు కుర్చీలో ఒకావిడ రాగం తీస్తూ చదువుతోంది. లోరెల్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ గొంతు సాగుతుంటే ఒకరి తర్వాత ఒకరు ఏడవడం మొదలుపెట్టారు. దాచుకోకుండా, మొహాలు తుడుచుకోకుండా.

"ఏమంటోంది?" అని లోరెల్ గుసగుసగా అడిగింది.

"మా ఇమాము పాలబిడ్డ సంగతి చెబుతోంది" అంది జైనబ్. "దాహంతో ఉండగా, తండ్రి చేతుల్లోనే, బాణం తగిలి పోయాడు."

లోరెల్ కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. కన్నీళ్లు వచ్చాయి. మూడు నెలలుగా రానివన్నీ వచ్చాయి. భుజాలు కదిలిపోయేట్టు, గొంతు బయటికొచ్చేట్టు ఏడ్చింది. ఆ గదిలో అది ఎవరికీ వింతగా లేదు. ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగలేదు. పక్కనున్న ముసలావిడ తన ముందున్న కాగితపు రుమాళ్ల డబ్బాను చూడకుండానే ఇటు జరిపింది. అవతలి మూల ఉమ్ ఫాదిల్ ఆమెను చూసింది. లేచి రాలేదు. తన ఏడుపు తాను ఏడ్చుకుంది.

చదవడం అయ్యాక అందరికీ మాంసం వేసిన అన్నం పళ్లేలు వచ్చాయి. లోరెల్ మోకాళ్ల మీద పళ్లెం పెట్టుకుని తింది. ఆడవాళ్లు అప్పుడే పెళ్లి సంబంధాల గురించీ ట్రాఫిక్ గురించీ మాట్లాడేసుకుంటున్నారు.

పైకొచ్చి తల్లికి ఫోన్ చేసింది. అక్కడ అప్పుడే పొద్దెక్కుతోంది. "అమ్మా, జూన్‌లో ఒకటి జరిగింది, నీకు చెప్పలేదు" అని మొదలుపెట్టింది. అంతా అయ్యేదాకా తల్లి ఒక్కమాట మధ్యలో రాలేదు. చివరికి, "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా" అంది.

పదో రోజు దాకా రోజూ కిందికి దిగింది. ఆ తర్వాత ఒకనాడు ఉమ్ ఫాదిల్ పైకొచ్చి, ఏమీ ఎరగనట్టు సోఫా మీద వాలి నిద్రపోయింది.

మరుసటి జూన్‌లో పికెట్ దంపతులకు ఫ్లోరిడా బదిలీ అయింది. ఇప్పుడు అక్కడ, సముద్రానికి దగ్గర్లో ఒక చిన్న ఇంట్లో ఉంటున్నారు. పిల్లలు ఇంకా లేరు. ఏడాదిలో సగం రోజులు నోలన్ నీళ్ల మీదే. ఆ వీధిలో లోరెల్‌కు పేర్లు తెలిసినవాళ్లు ముగ్గురు. వాళ్లలో ఇద్దరికి ఈ వేసవిలో బదిలీ కాగితాలు వచ్చాయి.