ఒకే సైజు బూట్లు

చిన్నోడి కొత్త బూట్లు వాళ్ళ అక్క తీసి వాళ్ళాయనకిచ్చేసింది. జరిగింది అంతే. చెప్పుకుంటే నవ్విపోతారని వాడు ఎవరికీ చెప్పుకోలేదు.

కొండమీద పరుగు పందెం రేపనగా బావ బూటు సోలు ఊడిపోయింది. చిన్నోడి బూట్లేమో పెట్టెలో, చుట్టిన పల్చటి కాగితం కూడా విప్పకుండా ఉన్నాయి. వాడికి అదే మొదటి పందెం.

“ఇద్దరిదీ ఒకే సైజు కదరా,” అంది అక్క, అప్పటికే కాగితం విప్పేస్తూ. “నువ్వు చిన్నవాడివి. నీకు ముందు ముందు బోలెడు పందేలు.”

“మరి రేపు నేనేం వేసుకోను?”

“నువ్వొచ్చి చప్పట్లు కొట్టు.”

కొట్టాడు. బావ రెండోవాడిగా వచ్చాడు. ఆ ఫొటో ఇప్పటికీ అక్కావాళ్ళ ముందుగదిలో గోడకుంది. అందులో బావ మొహం కన్నా చిన్నోడి బూట్లే స్పష్టంగా కనిపిస్తాయి.

బూట్లు కడిగి, లోపల పేపరు కుక్కి తెచ్చిచ్చారు. కానీ బావ చిటికెన వేలు కాస్త బయటికి తిరిగి ఉంటుంది. అక్కడ బూటు ఉబ్బిపోయింది. మడమ దగ్గర మెత్త ఆయన మడమలాగే అణిగిపోయింది. బూటు ఒక పాదానికి లొంగిందంటే ఇంకో పాదం మాట వినదు. చిన్నోడు వాటిని వేసుకున్నప్పుడల్లా ఎవరో లేచివెళ్ళిన పక్క మీద పడుకున్నట్టుండేది. వేసుకున్న ప్రతిసారీ అదే చోట బొబ్బ.

బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. స్నేహితులు ఆయన్ని “లిఫ్టు” అనే పిలుస్తారు. అందులో వెక్కిరింత ఉంది, ఎందుకంటే ఆయన లిఫ్టెక్కడం ఎవరూ చూడలేదు. ఏదైనా బిల్డింగులో లిఫ్టు ఆగిపోయిందంటే భుజాన సామాన్ల సంచీతో పై అంతస్తుదాకా మెట్లమీదే పరుగు తీస్తాడు. అదే ఆయన సాధన. బూట్ల గురించి అడిగితే, “బూటంటే బూటే కదరా, కాలు లోపల పడితే చాలు,” అని నవ్వేస్తాడు. ఆ నవ్వే చిన్నోడికి గిట్టేది కాదు. ఏమీ తెలియకుండా, ఏదీ పట్టించుకోకుండా అన్నీ దొరుకుతున్నాయి ఆ మనిషికి. సొంత తల్లి కూడా “అల్లుడు” అనేటప్పటికి గొంతు మార్చేసేది. “చిన్నోడు” అనేటప్పుడు మాత్రం గిన్నెలు తోముతున్న గొంతే.

చిన్నోడు చదువు మధ్యలో ఆపి ఆటసామాన్ల కొట్టులో బూట్ల విభాగంలో చేరాడు. చదవడం మాత్రం ఆపలేదు. పెట్టెల్లో వచ్చే కాగితాలు, పాత పత్రికలు, ఏది దొరికితే అది నమిలేశాడు. పరుగులో బావను దాటలేకపోయినా బూట్ల విద్యలో మాత్రం ఆయన తన దరిదాపులకి రాలేడని ఒక తృప్తి.

“కొండ మీద పరుగెత్తడానికి మంచి బూట్లు చూపించండి,” అని అడుగుతారు వచ్చినవాళ్ళు.

“ఏ కొండండీ? మట్టా, గడ్డా, రాయా?”

“కొండేనండీ. పైకి ఉంటుంది.”

అప్పుడు మొదలుపెట్టేవాడు. బురదకైతే సోలు కింద రబ్బరు పళ్ళు పొడుగ్గా, ఎడం ఎడంగా ఉండాలి, లేకపోతే మట్టి పట్టేసి అడుగు అట్టలా తయారవుతుంది. అవే పళ్ళు రాతి మీద కాళ్ళు ఊగే బల్లలా తడబడతాయి. రాతికి పొట్టి పళ్ళు, జిగురులాంటి మెత్తటి రబ్బరు, కింద రాయి గుచ్చుకోకుండా గట్టి పలక. దగ్గర పందేనికైతే బూటు చర్మంలా అతుక్కోవాలి. దూరపు పందేనికి మెత్త ఎక్కువ, ముందు బొటనవేలంత ఖాళీ. పరుగెత్తేకొద్దీ పాదాలు ఉబ్బుతాయి, దిగుడులో వేళ్ళు వెళ్ళి ముందు గోడకి గుద్దుకుంటాయి.

ఈ ఆఖరి ముక్క నోటితో చెబితే ఎవరూ నమ్మరని తనే ఒక ఏటవాలు చెక్క కొట్టి పెట్టాడు. బూట్లు వేసుకున్నవాళ్ళని దానిమీద, మడమ పైకి వేళ్ళు కిందికి వచ్చేలా నిలబెట్టి, గట్టిగా రెండడుగులు వేయమనేవాడు. వేలు తగిలిందా, అర సైజు పెద్దది. ఆ చెక్క ఎక్కకుండా చిన్నోడి చేతిమీదుగా ఒక్క జత బయటికి వెళ్ళేది కాదు.

ఒకరోజు పొద్దున్నే బావ కొట్టుకొచ్చాడు. ఊరవతల కొండల వరస మీద పెద్ద పందెం. దాదాపు అంతా రాయి, రెండో సగమంతా దిగుడు. చిన్నోడు కూడా అందులో పేరిచ్చాడు, తన బూట్లు ఎప్పుడో ఎంచుకుని పెట్టుకున్నాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ మనిషికన్నా ముందుండి వెనక్కి తిరిగి చూడాలని వాడి కోరిక.

“ఏరా బావమరిదీ, నీ కొట్టుకే వచ్చా. నువ్వేదిస్తే అది కళ్ళు మూసుకుని వేసుకుంటా.”

చిన్నోడు లోపలికెళ్ళి దగ్గర పందేలకి, బురదకి పనికొచ్చే జత తెచ్చాడు. సన్నగా, ఎర్రగా, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. బావ వేసుకుని కాలు అటూ ఇటూ తిప్పాడు.

“భలే పట్టిందిరా, ఎవరో కాలు పట్టుకున్నట్టుంది! దూరానికి పనికొస్తాయంటావా?”

“నీకు బాగుంటే బాగున్నట్టే బావా.”

“కాస్త గెంతి చూడనా?”

“కొట్లో గెంతితే ఓనరు తిడతాడు.”

అలా అంటూనే, ఏటవాలు చెక్కని కాలితో బెంచీ కిందికి నెట్టేశాడు.

పందెం రోజు మొదటి సగంలోనే చిన్నోడు బావని దాటేశాడు. దాటుతూ పక్కకి చూశాడు. బావ రాతిమీద ఆచితూచి అడుగేస్తున్నాడు, మొహంలో ఆ నవ్వు లేదు. చిన్నోడికి ఒళ్ళంతా తేలికైపోయింది. దిగుడు మొదలయ్యాక వెనక్కి తిరిగి చూస్తే బావ ఒక బండమీద కూర్చుని ఉన్నాడు, దూరంగా ఎర్ర చుక్కలా. ఎన్నాళ్ళుగానో ఆకలిగా ఉన్నవాడికి విస్తరి ముందు పెట్టినట్టుంది.

ఇంకాస్త దూరంలో గమ్యం జెండాలు కనిపిస్తుండగా వెనకనుంచి కేక.

“తప్పుకోరా చిన్నోడా! బ్రేకుల్లేవు!”

బావ. వైర్ల తొడుగు కోయడానికి నడుము సంచీలో ఎప్పుడూ ఉండే బ్లేడుతో రెండు బూట్ల ముందు భాగాలూ కోసిపారేశాడు. పది వేళ్ళూ బయటికొచ్చి ఎండ కాచుకుంటున్నాయి. దారి పక్కనున్న జనం పగలబడి నవ్వుతూ, ఈలలు వేస్తూ ఆయన్నే పిలుస్తున్నారు. చిన్నోడి బూట్లు ఆ దారికి అన్నివిధాలా తగినవి. వాటితోనే వాడు ఆయన వెనక గమ్యం చేరాడు.

ప్రథమ చికిత్స డేరాలో బావ కాళ్ళకి మిగిలిన బూట్లు కత్తిరించి తీశారు. గోళ్ళు నల్లగా కమిలిపోయాయి, రెండు ఊడి వేలాడుతున్నాయి.

“ఇంత దూరానికి ఈ బూట్లు ఎవడిచ్చాడయ్యా నీకు?” అన్నాడు కట్టు కట్టే పెద్దాయన.

చిన్నోడు నీళ్ళ సీసా పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

“నేనే మొండికేశానండీ,” అన్నాడు బావ. “మా బావమరిది వద్దు వద్దంటూనే ఉన్నాడు.”

చెబుతూ చిన్నోడివైపు చూడలేదు. చూసినా బాగుండేది.

“నీకెప్పుడూ తొందరే!” అని మొగుడిమీద విరుచుకుపడింది అక్క. తర్వాత తమ్ముడివైపు తిరిగి, “నువ్వైనా గట్టిగా చెప్పుండాల్సిందిరా,” అంది.

ఆ రాత్రి చిన్నోడికి కుళ్ళు రెండింతలయింది. పందెం పోతే పోయింది. తనని కాపాడ్డానికి ఆ మనిషి ఆడిన అబద్ధం కూడా తను ఎప్పుడూ ఆడలేనంత అందంగా ఉంది. దాన్ని తిరిగిచ్చే దారి లేదు, మింగే దారీ లేదు.

కొన్నాళ్ళకి బావకి బదిలీ అయింది. సామాన్లు లారీకెక్కించాక, ఊరొదిలే ముందు ఆయన ఒక్కడే కొట్టుకొచ్చాడు. చేతిలో సంచీ. ఆ సమయానికి చిన్నోడు ఒకాయన్ని చెక్కమీద నిలబెట్టి అడుగులు వేయిస్తున్నాడు. బావ పక్కన నిలబడి ఆసాంతం చూశాడు. ఆ కొనడానికొచ్చినాయన బేరం ముగించుకుని వెళ్ళాక, బావ చెప్పులతోనే చెక్కెక్కాడు. వేళ్ళు సర్రున ముందుకి జారాయి.

“ఇదేంట్రా?”

“దిగుడులో వేళ్ళు తగులుతాయేమో చూడ్డానికి.”

“బాగుందే. కొత్తగా చేశావా?”

ఔనంటే సరిపోయేది.

“లేదు బావా. అప్పుడూ ఉంది. బెంచీ కింద.”

బావ చెక్కమీదే ఇంకో రెండడుగులు వేశాడు. “ఊఁ,” అని దిగాడు. తర్వాత సంచీలోంచి పెట్టె తీసి బెంచీమీద పెట్టాడు.

“నీకే. ఎప్పుడో ఇవ్వాల్సింది. వేసుకో.”

పల్చటి కాగితం చుట్టి ఉంది, ముడత కూడా పడలేదు. చిన్నోడు బూటు తిరగేశాడు. సోలు నున్నగా, తారు రోడ్డుకి చేసినది. కొండమీద మొదటి చినుక్కే జారిపోతుంది. సైజు అప్పటిదే. చిన్నోడి పాదం ఈమధ్య అర సైజు పెరిగింది. కాలు పెట్టి, లేసు బిగించాడు. నిలబడకముందే వేలు వెళ్ళి ముందుకి తగిలింది. చెప్పడానికి వాడి దగ్గర మాటలన్నీ ఉన్నాయి. పళ్ళు, పలక, మెత్త, బొటనవేలంత ఖాళీ. ఒక్కటీ బయటికి రాలేదు. తలొంచుకుని బూటువైపే చూస్తూండిపోయాడు.

బావకి అనుమానమొచ్చింది. వంగి వాడి మొహంలోకి చూశాడు.

“నేను వేసుకోలేదురా. ఒక్కసారి కూడా. మీ అక్క మీద ఒట్టు.”