తాత తాగిన పీచ్‌పళ్ళ షర్బతు

ఆ రోజుల్లో శ్రీకాకుళం వైపు పల్లెల్లో పెద్దవాళ్ళని భయపెట్టడానికి దయ్యాలతో పని ఉండేది కాదు. "మావోడికి రాయగడలో ఉజ్జోగమొచ్చింది" అంటే చాలు, విన్నవాళ్ళు ముందు అయ్యో అని, ఆ తర్వాత జీతం అడిగేవారు. కొండల మధ్య ఊరంటే చలిజ్వరం, చలిజ్వరమంటే అక్కడి నీళ్ళు, అంతవరకే లెక్క. (ఈ వ్యవహారంలో దోమ అనేదొకటి ఉందని ఆస్పత్రి గోడ మీద బొమ్మ వేసి మరీ చెప్పేవారు. అంత చిన్న ప్రాణి అంత పెద్ద జ్వరాన్ని ఎలా మోస్తుందని మావాళ్ళు ఆ బొమ్మని చూసి నవ్వేవారు.) అలాంటి ఊళ్ళో మా బాబాయి ఏకంగా నీళ్ళ పంపు డ్రైవరు. అంటే, మావాళ్ళ లెక్క ప్రకారం, ఊరందరికీ జ్వరాన్ని కుళాయి ద్వారా ఇంటింటికీ పంపించే మనిషి.

నేనప్పుడు మెట్రిక్ తప్పి, బాబాయి ఇంట్లో ఉంటూ, కోరాపుట్ బస్సులకి టిక్కెట్లు రాసే కొలువులో ఉన్నాను. చదువు రాకపోయినా మాటలు అవసరానికి మించి వచ్చేవి. ఎవరింట్లో ఏడుపు మొదలైనా, ఎవరు గుండెలు బాదుకున్నా, అందులోంచి గాలి తీసేసే మాట ఒకటి నా నాలిక చివర సిద్ధంగా ఉండేది. దాన్ని నేను తెలివి అనుకునేవాణ్ణి. వీధిలో వాళ్ళు దానికి వేరే పేర్లు పెట్టారు.

బాబాయికి ఆ ఏడే పెళ్ళయింది. పిన్ని కాపరానికి వచ్చేటప్పుడు స్టేషన్లో వాళ్ళ ఊరివాళ్ళు ఏడ్చిన ఏడుపు చూస్తే ఆవిణ్ణి అత్తారింటికి పంపుతున్నారో, అండమాన్‌కి పంపుతున్నారో తెలిసేది కాదు. కానీ ఇక్కడికొచ్చాక పిన్నికి ఊరు తెగ నచ్చింది. అత్తగారు లేని పొయ్యి, ఆడపడుచులు లేని గుమ్మం, అన్నిటికీ మించి మొగుడు అక్కడెక్కడో చక్రం తిప్పితే ఇక్కడ తన వాకిట్లో నీళ్ళు పడడం. ఆ నీళ్ళు పక్కింట్లోనూ పడతాయని నేను ఒకసారి గుర్తుచేస్తే ఆ పూట నాకు చారు పల్చగా వచ్చింది.

పిన్ని తండ్రి, అంటే నాకు వరసకి తాత, నాగావళి ఒడ్డున చెరుకు పండించే రైతు. బెల్లం వండడంలో ఆయన మాటకి చుట్టుపక్కల పల్లెల్లో తిరుగులేదు. పిన్నిని దింపడానికి వచ్చినప్పుడు తనకి కావలసిన నీళ్ళు రెండు మట్టి కూజాల్లో రైల్లో తెచ్చుకున్నాడు. మా ఇంట్లో మంచినీళ్ళ చుక్క ముట్టలేదు. నేను ఊరుకుంటానా?

"తాతా, మీ ఏరూ నాగావళే, మా ఏరూ నాగావళే. ఇక్కడ మేం తాగి ఒదిలిందేగా దిగువన మీకొస్తాది?"

"నాను సెప్తన్నాదీ అదేరా. మీరు తాగీసి, జొరం మీకాడే ఉంచీసుకొని, వట్టి నీళ్ళు మాకొదుల్తన్నారు" అన్నాడాయన.



ఆ తాత వేసవి చివర్లో కబురు పంపాడు. వానలు పడితే జ్వరాలు మొదలవుతాయి, అంతకుముందే వచ్చి అమ్మిని తీసుకుపోతాను, అల్లుడికి మంచి ఊరు బదిలీ అయ్యాక మళ్ళీ దింపుతాను అని. బాబాయి ముఖం వాడిపోయింది. పంపు ఊరు వదిలి వెళ్ళదు కాబట్టి పంపు డ్రైవరుకి బదిలీ ఉండదు. ఆ మాట తాతకి చెప్పే ధైర్యం బాబాయికి లేదు, తండ్రికి ఎదురుచెప్పే అలవాటు పిన్నికి లేదు. ఆవిడ ఒక పూటంతా పొయ్యి ముందు కూర్చుని ఏడ్చి, లేచి కళ్ళు తుడుచుకుని, ఒక ఉపాయం చెప్పింది.

"మా నాన్నకి తీపంటే పేణం. సల్లటి సర్బతు సేతిలో ఎడితే కాదన్లేడు. కోరాపుట్లో ఇనస్పెట్రు గారి ఇంట్లో పీచ్‌పళ్ళ సర్బతిచ్చేరు సూడు, అలాటిది. మన నీళ్ళు ఒక్కసారి కడుపులో పడి, జొరం రాలేదనుకో, ఇంకేటి సెప్తాడు?"

"వస్తే?" అన్నాను నేను. బాబాయి నా వైపు చూసిన చూపుకి నేను చెప్పులేసుకుని బస్టాండుకి బయల్దేరాను.

బాబాయికి పై అధికారి అయిన ఆ ఇనస్పెక్టరు గారి భార్య చెప్పిన పద్ధతి పిన్నికి గుర్తుంది. పళ్ళు ఉడికించి, గుజ్జు వడకట్టి, పంచదార వేసి కాచి, నిమ్మరసం పిండి సీసాల్లో పోయాలి. తాగేటప్పుడు నీళ్ళు కలుపుకోవాలి. ఎంతసేపు కాచాలో ఆవిడ చెప్పిందో లేదో మాత్రం గుర్తులేదు. పళ్ళు తెప్పించే పని నాది. లమ్తపుట్ వైపు ఏదో పాత బంగళా తోటలో ఆ చెట్లున్నాయని బస్సు డ్రైవరు చెప్పి, ఒక గంపెడు బస్సు టాపు మీద వేసుకొచ్చాడు. "భల ఫొళొ, బాబూ" అని ఒడియాలో పళ్ళని మెచ్చుకుంటూ దింపాడు గానీ, దారిలో ఎన్ని మెచ్చుకున్నాడో గంప చూస్తే తెలిసింది.

బాబాయి ఒక పండు చేతిలోకి తీసుకుని వెంటనే కింద పెట్టేశాడు. "ఇదేట్రా, బొచ్చుంది? పండా, జంతువా?"

"మంగలిని పిలవమంటావేటి బాబాయ్?"

"నువ్వు నోర్మూసుకో" అంది పిన్ని. "మరిగే నీళ్ళలో ముంచితే తొక్కతోపాటు పోద్ది."

పోయింది. తొక్క పోయాక పండు ఎంత ముద్దొచ్చిందంటే సీసాలోకి వెళ్ళవలసినవాటిలో కొన్ని మా కడుపుల్లోకి వెళ్ళాయి. టెంక మాత్రం గుజ్జుని పట్టుకుని వదలదు. దాన్ని విడదీయడానికి బాబాయి పంపుహౌసు నుంచి పట్టకారు తెచ్చాడు. పాత పంచెగుడ్డలో వడకట్టి, ఇత్తడి గిన్నె పొయ్యి మీదికెక్కించేసరికి వాసన వీధి చివరిదాకా పోయి, పక్కింటి గుణుపురం అత్తని లాక్కొచ్చింది. ఆవిడా శ్రీకాకుళం మూలాలున్న రైతు కుటుంబం మనిషే. పాకం మరుగుతున్న ఇంట్లోకి పిలవకుండా వెళ్ళడం తన హక్కని ఆవిడ నమ్మకం.

అసలు కథ ఇక్కడ మొదలైంది. మా వైపు ఆడవాళ్ళకి పాకమంటే అరిసెల పాకమే. పొయ్యి మీద తీపి మరిగిందంటే పక్కన పళ్ళెంలో నీళ్ళు ఉండాల్సిందే. గరిటెతో ఒక బొట్టు అందులో వేసి, ఉండకట్టిందా లేదా చూడాల్సిందే. పాకం లేతగా దించిన కోడలి పేరు రెండు తరాలు చెప్పుకుంటారు.

పిన్ని ఒక బొట్టు వేసింది. కరిగిపోయింది.

"లేత" అంది గుణుపురం అత్త.

"సర్బతు కదత్తా, లేతగా ఉంటే ఏటి?" అన్నాను.

"నీకేటి తెల్సురా గుంటడా? వాల్ల నాన్న బెల్లమొండే మనిషి. కూతురు లేత పాకమెట్టిందంటే ఆయన పరువేటౌద్ది?"

ఆ మాట పిన్నికి బాగా తగిలింది. మళ్ళీ వేసింది. మెత్తటి ఉండ కట్టింది. మామూలుగా అయితే ఆ చెయ్యి కళ్ళు మూసుకుని పాకం దించగలదు. ఆ రోజు మాత్రం "ఇంకాస్త సూద్దాం" అంటూనే ఉంది. చివరికి ఉండ పళ్ళేనికి కొడితే టంగుమంది. గుణుపురం అత్త తృప్తిగా లేచి వెళ్ళింది. సీసాలు ఆస్పత్రి కాంపౌండరు దగ్గర నేనే సంపాదించాను. వాటి ఒంటి మీద ఏ పూటకి ఎంత తాగాలో గుర్తులు కత్తిరించిన కాగితం అతికించి ఉంది. ఎంత నానబెట్టినా ఊడలేదు. వేడి పాకం వాటిలోకి బంగారంలా దిగింది. పిన్ని వాటిని గూట్లో వరసగా పేర్చి, దండం ఒక్కటే తక్కువగా చూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం బండికి తాత వచ్చాడు. చేతిలో కూజాలు. గుమ్మంలో అడుగుపెట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గూటి వైపు చూసి నిలబడిపోయాడు.

"ఓలమ్మో! ఇన్ని మందుసీసాలేటి? అమ్మీ, జొరమొచ్చి ఎన్నాల్లయింది? మాకు కబురెట్టలేదేటి? అల్లుడా, నీకిది నాయమా?"

పిన్ని పరుగున వచ్చి, "జొరం కాదు నాన్నా, మందు కాదు. సర్బతు. నీకోసరమే సేసినాను" అంది.

"సర్బతైతే పోసి సూపించు."

పిన్ని గ్లాసు తెచ్చి, బిరడా తీసి, సీసా వంచింది. ఏమీ రాలేదు. తలకిందులు చేసింది. ఏమీ రాలేదు. బాబాయి తీసుకుని అడుగున కొట్టాడు. ఇంకో సీసా తీశాడు, దానిదీ అదే పట్టుదల. రాత్రికి రాత్రి లోపల పాకం గాజుకంటే గట్టిగా బిగుసుకుపోయింది. పిన్ని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణంలో నోరు మూసుకునే తెలివి ఉంటే నేను మెట్రిక్ కూడా పాసయ్యేవాణ్ణి.

"తాతా, ఈ మందు కొరుక్కు తినాల" అన్నాను.

తాత నవ్వలేదు. సీసా తీసుకుని వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశాడు. వేలితో తట్టి విన్నాడు. జ్వరం సంగతి, రైలు సంగతి, అల్లుడి సంగతి అన్నీ ఆయన ముఖంలోంచి వెళ్ళిపోయి, బెల్లం పొయ్యి దగ్గర కూర్చునే మనిషి ఒక్కడే మిగిలాడు.

"పాకం ముదిరిపోనాది. పొయ్యి ముట్టించు అమ్మీ. డేగిసాలో నీల్లెట్టి సీసాలందులో నిలబెట్టు."

తలపాగా విప్పి, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. సీసాల్లో పాకం మెల్లగా కదిలింది. దాన్ని ఇత్తడి గిన్నెలోకి వంచి, "నీల్లు తే" అన్నాడు. పిన్ని ఒక్క క్షణం ఆగి, కుళాయి దగ్గరికెళ్ళి చెంబు నింపుకొచ్చింది. తాత కొంచెం పోసి, కలిపి, చల్లార్చి రుచి చూశాడు. "ఇంకా తే." మళ్ళీ రుచి చూశాడు. "పండు మాటాడతన్నాది గాని, తీపి దాన్ని మాటాడనివ్వట్లేదు. ఇంకా తే." బాబాయి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఆయన ఒక గ్లాసు నిండా పోసుకుని, గటగటా తాగి, "ఇదీ సర్బతంటే" అని, ఇంకో గ్లాసు పోసుకున్నాడు. అప్పటికి మా పంపు నీళ్ళు చెంబుడు పైనే ఆయన కడుపులోకి వెళ్ళి ఉంటాయి.

సాయంత్రం అరుగు మీద ఆయనా నేనూ మిగిలాం. నా నాలిక దురద ఆగలేదు.

"తాతా, ఆ సర్బతులో కలిపిన నీల్లు ఎక్కడివో తెల్సా?"

ఆయన చుట్ట వెలిగించుకుంటూ నా వైపు చూడకుండానే అన్నాడు. "నా కూజాలు నా పక్కనే ఉండీవి కదరా. నాను నీల్లు తే అంటే మీ పిన్ని వాకిట్లోకెల్లింది. నాకు కల్లు లేవనుకున్నావేటి?"

నేను తెల్లబోయాను. "మరి తాగేసినారేటి?"

"ఆ గుంటకి పాకం నేర్పినోన్ని నాను. దాని సేతిలో ఏనాడూ పాకం ముదర్లేదు. సెయ్యి బయపడితేనే ముదుర్తాది. నానొస్తన్నానంటే అంత బయపడిందన్నమాట." కాసేపు పొగ వదిలాడు. "జొరానికి మందున్నాది. కన్నకూతురు నన్ను సూసి బయపడితే దానికి మందెక్కడిది? ఊరుకో. నాకు తెల్సని దానికి సెప్పకు."

నాలుగు రోజులుండి ఒక్కడే వెళ్ళాడు. స్టేషన్లో పిన్నితో, "వానలయ్యాక వీలుంటే ఒకసారి రా. లేపోతే నానే వస్తాను" అన్నాడు. బండి కదిలాక పిన్ని నా భుజం మీద చరిచి, "సూసినావా? మా నాన్నకి ఇసుమంతైనా తెలీలేదు!" అని చిన్నపిల్లలా నవ్వింది. చెప్పడానికి ఎంతో బాగుండే మాట ఒకటి నా నోటిదాకా వచ్చింది. దాన్ని మింగడం ఆ వయసులో నాకు కొత్త. గొంతులో చాలాసేపు అడ్డంపడింది.

ఇప్పుడు నాకు డాక్టరు పంచదార మాన్పించాడు. మా కోడలు చప్పటి టీ తెచ్చి, "వేశాను మావయ్యా, మీకిష్టమని కాస్త ఎక్కువే వేశాను" అంటుంది, కళ్ళలోకి మాత్రం చూడదు. తలుపు వెనక మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంటుంది. చురుక్కుమనిపించే మాటలు నా దగ్గర ఇంకా అయిపోలేదు, కావాలంటే అక్కడికక్కడే రెండు దొరుకుతాయి. "బాగా తియ్యగా ఉందమ్మా" అని తాగేస్తాను. లోపల్నుంచి నవ్వు వినిపిస్తుంది. ఈ ముసలాడికి ఏమీ తెలియడం లేదని వాళ్ళ సంబరం. అలాగే అనుకోనీ అని, మీసం తుడుచుకుని, కప్పు వాళ్ళకి అందిస్తాను.