కుర్చీ మేడం

ఆ బ్యాంకులో ఆమెను ఖాతాదారులెవరూ పేరుతో పిలవరు. అందరికీ ఆమె కుర్చీ మేడం. గాజు తలుపు తోసుకుని ఎవరు లోపలికొచ్చినా, "ముందు కూర్చోండి, తర్వాత మాట్లాడుకుందాం" అనడం ఆమె అలవాటు. చిన్నప్పుడు నాన్న వేలు పట్టుకుని ఏదో ఆఫీసుకు వెళ్లింది. కిటికీ ముందు నాన్న ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూ నిలబడటం, అవతలి మనిషి తలెత్తి చూడకపోవడం ఆమెకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తు. అందుకే ఈ ప్రైవేటు బ్యాంకులో చేరిన కొత్తలోనే పైవాళ్ల వెంటపడి తన బల్ల ముందు రెండు మెత్తటి కుర్చీలు వేయించుకుంది. ఎత్తు తక్కువ, కూర్చుంటే లోపలికి దిగబడే రకం.

"పనయిపోయినా జనం లేవరు. ఆ కుర్చీలే మన టార్గెట్లను మింగేస్తున్నాయి," అని మేనేజరు విసుక్కునేవాడు.

"కాస్త కూర్చుంటేనే కద సార్, డిపాజిట్ల గురించి అడగబుద్ధయ్యేది," అనేది ఆమె.

పక్క వీధి టైలర్ మాస్టారికి ఆ కుర్చీ బాగా పరిచయం. దుకాణం అద్దె చెక్కు కూడా అందులో కూర్చునే రాసేవాడు. ఈ మధ్య ఆయన చేతికి వణుకు పట్టుకుంది. సంతకం కలవలేదని అద్దె చెక్కు వెనక్కి పోయింది. ఇంకోసారి అలా జరిగితే దుకాణం వేరేవాళ్లకు ఇచ్చేస్తానని ఓనరు తెగేసి చెప్పాడు. ఆ ఓనరు పాతకాలం మనిషి, చెక్కు తప్ప ఇంకేదీ తీసుకోడు.

పోనీ కొత్త సంతకం నమోదు చేద్దామని కుర్చీ మేడం మాస్టార్ని పిలిచి కూర్చోబెట్టింది. ఆయన పెట్టిన సంతకాల్లో ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు.

"వేలిముద్ర వేయించండి, లేదా కొడుకుని జాయింటుగా చేర్చండి," అన్నాడు మేనేజరు.

వేలిముద్ర ఖాతాకు చెక్కులు ఇవ్వరు. ఇక కొడుకు సంగతి ఎత్తగానే మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "వాడి ప్యాంటు ఇప్పటికీ నేనే కుట్టాలమ్మా. ఖాతా చేతికిస్తే రేపట్నుంచి వాడు నా కొలతలు తీస్తాడు."

ఆ సాయంత్రం భర్త కోటు చేతులు పొట్టి చేయించే వంకతో ఆమె దుకాణానికి వెళ్లింది. ఎలాగైనా నచ్చజెప్పి కొడుకుని చేర్పించాలని ఆమె ఆలోచన. మాస్టారు కటింగు బల్ల ముందు నిలబడి నీలం గుడ్డ మీద సుద్దతో గీత గీస్తున్నాడు. భుజం దగ్గర మొదలైన గీత వంపు తిరిగి చంక దాకా దిగింది. ఎక్కడా వణుకు లేదు. ఆమె కొడుకు మాట పక్కనపెట్టి బల్ల దగ్గరకు జరిగింది.

"మాస్టారూ, ఇప్పుడు చెయ్యి వణకట్లేదే?"

"నిలబడితే వణకదమ్మా. కటింగంతా నిలబడే కదా నేర్చుకున్నది. కూర్చుంటేనే చెయ్యి నా మాట వినదు."

"మరి బ్యాంకులో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"మీరు అంత ప్రేమగా కూర్చోమంటుంటే, కాదు నిలబడతానని ఎలా అంటాను? బాగుంటుందా?"

ఆమెకు నవ్వాలో, తల పట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు మాస్టారు రాగానే ఆమె తన సీట్లోంచి లేచింది. చలానాలు రాసుకునే ఎత్తు బల్ల దగ్గరకు ఆయన్ను తీసుకెళ్లి, పక్కనే తనూ నిలబడింది. మాస్టారు నడుం నిటారుగా చేసి, ఒకసారి గాల్లో గీసి చూసుకుని, కలం కాగితం మీద పెట్టాడు. సంతకం మీద సంతకం, అన్నీ ఒకే అచ్చులోంచి తీసినట్టు వచ్చాయి. మేనేజరు వాటిని వెలుతురుకు పట్టి చూసి నమోదుకు ఒప్పుకున్నాడు.

"మొత్తానికి కుర్చీ మేడం కూడా జనాన్ని నిలబెట్టడం మొదలెట్టింది," అన్నాడు.

"మీ దగ్గర నేర్చుకున్నదే సార్," అందామె.

నమోదు పూర్తయ్యాక మాస్టారు అదే బల్ల దగ్గర అద్దె చెక్కు రాశాడు. అది పాసయిందని తెలిసేదాకా కుర్చీ మేడంకి ఏ పని మీదా మనసు నిలవలేదు. తెలిసిన రోజే మాస్టారు కోటు మడత పెట్టుకుని వచ్చాడు. ఓనరు దుకాణం కొనసాగించమన్నాడట. అలవాటు కొద్దీ "ముందు కూర్చో..." అనబోయి ఆమె నాలుక కరుచుకుంది.

"ఇవాళ సంతకం పని లేదుగా," అంటూ ఆయన కుర్చీలో హాయిగా దిగబడ్డాడు. "అదేదో డిపాజిట్ అంటుంటారే, తీరిగ్గా చెప్పండి చూద్దాం."