బాబాయి కరెంటు ఆటో, పిన్ని గలేబు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేం కాదు, మా వైపు కరెంటు ఆటోలు కొత్తగా దిగుతున్న రోజుల్లో, నాకు తెలియనిది లోకంలో లేదని నా గట్టి నమ్మకం. నందిగామలో ఓ ఆటో షోరూములో మెకానిక్‌గా చేరి నెల తిరక్కుండానే మెడలో ఐడీ కార్డుతో పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళేవాణ్ణి. (ఫోటోలున్నాయి, బుకాయించలేను.) ఆ ఊపులోనే జగ్గయ్యపేటలో మా బాబాయి చేత పాత డీజిల్ ఆటో అమ్మించి కరెంటు ఆటో కొనిపించాను.

బాబాయి బేరమల్లా వేదాద్రి రోడ్డులో బడికి వెళ్ళే టీచరమ్మలే. కొత్త ఆటో కాస్త ఎండెక్కగానే నడిరోడ్డు మీద ఆగిపోయేది, కాసేపటికి దానంతటదే కదిలేది. "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం బాబాయ్, సర్దుకుంటుందిలే," అని ఫోన్లోనే వైద్యం చేశాను. చివరికి హెడ్మాస్టరమ్మ, "ఇంకొక్కసారి ఆగిందంటే వేరే ఆటో చూసుకుంటాం, ఏమనుకోకండి," అని తేల్చి చెప్పేసింది. ఆవిడ మానేస్తే మిగతావాళ్ళూ మానేస్తారు. ఆ మాట చెబుతున్న బాబాయి గొంతు విని నాకు నిజంగానే భయమేసింది. వెంటనే బస్సెక్కాను.

సీటెత్తి చూద్దును కదా, మోటారుకి కరెంటు సర్ది పంపే కంట్రోలర్ డబ్బాకి పువ్వుల గలేబు! లోపల దూది, అంచులకి కుచ్చులు. (మా పిన్ని ఇంట్లో టీవీకి, మిక్సీకి, ఆఖరికి రిమోటుకి కూడా తొడుగులుంటాయి.)

"సిమెంటు లారీల దుమ్ము పడుద్దని కుట్టాన్రా. ఏం, బాలేదా?" అంది పిన్ని.

బాగుందంటూనే ఉపన్యాసం మొదలెట్టాను. ఆ డబ్బా పని చేస్తుంటే వేడెక్కుతుందనీ, దాని అల్యూమినియం రెక్కలు ఆ వేడిని గాలిలోకి వదలాలనీ, వదల్లేకపోతే మాడిపోకుండా తనే కరెంటు ఆపేసుకుంటుందనీ, చేతులు తిప్పుతూ చెప్పాను. "దానికి గాలాడాలి పిన్నీ. ఉక్కపోతలో పెడితే ఏదీ పని చెయ్యదు."

పిన్ని మొహం చిన్నబోయింది. గలేబు విప్పి మడత పెట్టుకుంది.

మర్నాడు ఆటో ఎక్కడా ఆగలేదు. "మీ అబ్బాయి గట్టివాడేనండీ," అంది హెడ్మాస్టరమ్మ. ఇంటికొచ్చి బాబాయి ఆ ముచ్చట చెబుతుంటే, నాకు దోసెలు పోస్తున్న పిన్ని అట్లకాడతో సహా బయటికొచ్చింది. చెమటకి జాకెట్టు తడిసి ముద్దయింది.

"ఏవయ్యా, డబ్బాకే గాలాడాలంటున్నాడుగా నీ కొడుకు. మరి నా వంటింటికి కిటికీ ఎప్పుడు పెట్టిస్తావ్?"

బాబాయి నా వైపు చూశాడు. నేను దోసె వైపు చూశాను.

ఆ వేసవిలోనే కిటికీ వచ్చింది. వేడి మీద అంత ఉపన్యాసం దంచిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పిన్ని చేతి దోసెలు తింటూ పెరిగినవాడు, పొయ్యి దగ్గర ఎంత ఉక్కగా ఉంటుందో ఆ రోజే మొదటిసారి చూశాడు పాపం.