వెండి పెట్టె, స్టెబిలైజర్ డబ్బా

సంగీతమంటే చెవి కోసుకునేవాళ్ళుంటారు. నేనంత దూరం పోలేదు. రెండు చెవులూ కప్పుకున్నాను, అంతే. కప్పుకోవడానికి కొన్న హెడ్‌ఫోన్లు మాత్రం కొంచెం పెద్ద ఇంటివి. ఫోన్‌కు తగిలిస్తే జ్వరం వచ్చినట్టు మూలుగుతాయి. అవి నిండుగా పలకాలంటే వాటికి దండిగా కరెంటు అందించే ఆంప్లిఫయర్ ఒకటి బల్ల మీద ఉండాలి. ముద్దుగా ఆంప్ అంటారు. ఏ ఆంప్ కొనాలన్నదే మొన్నటి ఎండాకాలంలో నన్ను పట్టుకున్న పిచ్చి.

ఆ రోజుల్లో నేను తిన్న అన్నం కంటే చదివిన రివ్యూలు ఎక్కువ. ఒకాయన ఒక ఆంప్ ధ్వని వెచ్చగా ఉందని రాస్తాడు, ఇంకొకాయన అదే పొడిపొడిగా ఉందంటాడు, మూడో ఆయనకు దాంట్లో తేనె తగులుతుంది. చదువుతుంటే చెవుల కంటే ముందు కడుపుకు ఆశ పుట్టేది. గాజు గొట్టాలు ఎర్రగా వెలిగే ఆంప్ ఒకటి దుకాణంలో విని పది రోజులు దాని ధ్యాసలోనే ఉన్నాను. ఫోటో చూపిస్తే మా ఆవిడ, మే నెలలో ఇంట్లో ఇంకో పొయ్యి దేనికి, అప్పడాలు కాల్చుకోవడానికా అని అడిగింది. గొట్టాల కథ అక్కడే చల్లబడింది.

చివరికి మనసు ఒక విదేశీ వెండి రంగు పెట్టె మీద నిలిచింది. ముందు వైపు అద్దంలా మెరిసే పలక, మధ్యలో వాల్యూమ్ తిప్పే గుండ్రటి గుబ్బ. ఆ గుబ్బను తిప్పుతుంటే వెన్నలో వేలు పెట్టినట్టుండేది. కొనకముందే ఇంటికి తీసుకుపోయి వినండి, ఆదివారం సాయంత్రంలోగా ఉంచుకుంటారో వాపసిస్తారో చెప్పండి అన్నారు దుకాణంవాళ్ళు. శుక్రవారం దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కంచన్‌బాగ్‌లోని మా ఇంటికి చేరుకున్నాను. దారిలో గుంత వచ్చినప్పుడల్లా నేను దాన్ని పట్టుకున్నాను. నన్ను పట్టుకోవడానికి ఎవరూ లేరు.

ఆనందం ఒక్కడి దగ్గర దాగదు కదా. మర్నాడే కిషన్‌బాగ్ వెళ్ళాను. అక్కడ నేను భాయ్ అని పిలిచే మెకానిక్‌కి రేడియోలూ మిక్సీలూ పెళ్ళిళ్ళ మైకులూ బాగుచేసే చిన్న దుకాణం ఉంది. పదిహేనేళ్ళ కింద నా పాత రేడియోకు ప్రాణం పోసినప్పటి నుంచి మా ఇద్దరికీ దోస్తీ. వెండి పెట్టె గురించి నేను చెప్పుకుంటూ పోతుంటే ఆయన చేతిలోని మిక్సీని పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకుని, బల్ల కింద నుంచి ఒక పాత స్టెబిలైజర్ డబ్బాను లాగాడు. ముందు వైపు వోల్టేజీ చూపే ముల్లు ఇంకా అలాగే ఉంది. మూత తీస్తే లోపల స్టెబిలైజర్ లేదు, ఆంప్ ఉంది. తీగలన్నీ జడ అల్లినట్టు ఒద్దికగా కట్టి ఉన్నాయి.

"రెండేండ్ల సంది దీని మీదనే పడ్డ అన్నా. ఇంట్ల ఎవరికీ ఎరుక లేదు," అన్నాడు. "నీ వెండి పెట్టె పక్కన పెట్టి ఇను. గెలిస్తె ఇంకోటి చేస్త. ఓడితె ఈ షౌక్ బంద్, మళ్ల మిక్సీలే."

ఓడిపోవడమేమిటి భాయ్ అని ఏదో అనబోయాను. ఆయన వినలేదు. మొహమాటం పెట్టుకోవద్దనీ, ఏది మోగుతోందో కనబడకుండా వినాలనీ షరతు పెట్టాడు. వెండిని చూస్తే కళ్ళు ముందే తీర్పు చెప్పేస్తాయట. నా కళ్ళ సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద డబ్బాతో దిగాడు. సంచీలో ఒక చిన్న స్విచ్ పెట్టె కూడా ఉంది. ఒక వైపు తిప్పితే వెండి పెట్టె, ఇంకో వైపు తిప్పితే స్టెబిలైజర్ డబ్బా మోగుతుంది. రెండింటినీ బల్ల మీద పెట్టి ముందర దుప్పటి కట్టాం. దుప్పటి వెనక కూర్చుని స్విచ్ తిప్పే బాధ్యత మా ఆవిడది. ఏ సారి ఏది ముందు మోగించిందో పాత క్యాలెండర్ వెనక రాసుకోవాలి. ఆమె పెన్సిల్ చెక్కుకుంటూ భాయ్‌తో అంది: "నేను పిలిస్తె ఈయనకు వినవడది. రెండు డబ్బాల నడుమ తేడా మాత్రం వినవడ్తదట."

మొదలుపెట్టే ముందు రెండింటి వాల్యూమూ సమానం చేయాలి. సంచీలో మీటర్ ఉంది, తీసి కొలవనా అని భాయ్ అడిగాడు. అవసరం లేదన్నాను. ఆ మాట అన్నది ఎవరో కూడా చెప్పాలి. లోహపు కడ్డీలు చేసే కర్మాగారంలో ఇరవై ఆరేళ్ళుగా నా పని తనిఖీ. గేజి పెట్టనిదే నా చేతి మీదుగా ఒక్క కడ్డీ కూడా గేటు దాటలేదు. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా వెనక్కి పంపినవాణ్ణి. అట్లాంటి వాణ్ణి, ఆదివారం కావడం వల్లనో ఏమో, చెవి ఉండగా మీటర్ దేనికి అన్నాను. కాసేపు ఇటూ అటూ విని గుబ్బలు తిప్పి, సరిపోయిందని సంతకం పెట్టినంత ధీమాగా తలూపాను.

వినడానికి పెట్టుకున్నది మర్ఫా, అంటే హైదరాబాద్ పెళ్ళి ఊరేగింపుల్లో మోగే డప్పుల మేళం. బార్కస్‌లో ఒక పెళ్ళి బరాత్ పోతుంటే చిన్న రికార్డర్‌తో నేనే పట్టుకున్నది. డప్పుల హోరులో కట్టె దెబ్బ ఎంత సూటిగా తెగుతుందో, పెద్ద డప్పు చర్మం ఎంత లోతున ఊగుతుందో, జనం చప్పట్లు ఎంత దూరం నుంచి వస్తున్నాయో, మంచి ఆంప్ అయితే అన్నీ విడివిడిగా చెప్పాలి.

పన్నెండు సార్లు విన్నాను. ఒక్కోసారి ఒకటి, రెండు అని వరుసగా రెండూ మోగించి, ఏది బాగుందని ఆవిడ అడుగుతుంది. మూడో సారికే నా ఒళ్ళు జల్లుమంది. ఒకదాంట్లో బరాత్ కిటికీ అవతల పోతోంది, ఇంకోదాంట్లో నేనే బరాత్ నడుమ ఉన్నాను. డప్పు నా పక్కటెముకల్లో మోగింది. కట్టె గాలిలో లేవడం కూడా వినిపించినట్టయింది. కుర్చీలో కూర్చునే కాళ్ళాడించానని తర్వాత మా ఆవిడ చెప్పింది.

దుప్పటి తీశాక ఆమె క్యాలెండర్ చూసి లెక్క చెప్పింది. పన్నెండింటిలో పది సార్లు నేను మెచ్చుకున్నది స్టెబిలైజర్ డబ్బా.

భాయ్ ఎప్పుడో చల్లారిన చాయ్ తీసుకుని, వేడిగా ఉన్నట్టు ఊదుకుంటూ తాగాడు. తర్వాత మెల్లగా మాటలు వచ్చాయి. ఇంకోటి కాదు, నాలుగు చేస్తానన్నాడు. వాటికి కొత్త డబ్బాలు చేయిస్తానన్నాడు, రంగు ఏదైతే బాగుంటుందని మా ఆవిడను అడిగాడు. నా సంబరం ఆయనదానికి తక్కువేం కాదు. విదేశీ పెట్టెను కిషన్‌బాగ్ డబ్బా ఓడించేసిందని ఆ రివ్యూలరాయుళ్ళకు రాయొద్దూ? రాసేటప్పుడు నాలుగు అంకెలు కూడా పడేస్తే గంభీరంగా ఉంటుంది. ఆ గాంభీర్యం కోసమే ఆయన సంచీలోంచి మీటర్ తీశాను.

ఒకే స్వరం నిలకడగా మోగే ఫైలు పెట్టి రెండింటినీ కొలిచాను. వెండి పెట్టె ఒక వోల్టు ఇస్తోంది. డబ్బా దానికంటే ఏడో వంతు ఎక్కువ ఇస్తోంది. ఇంకోసారి కొలిచాను. అంతే.

అంటే నేను పొద్దుటి నుంచి మెచ్చుకున్నది మంచి ధ్వనిని కాదు, పెద్ద ధ్వనిని. కొంచెం గట్టిగా మోగితే చాలు, చెవి దాన్నే గొప్పదనుకుంటుంది. రివ్యూలు చదివేవాడెవడికైనా తెలిసిన మొదటి పాఠం అది. ఇంతసేపూ నా చెవిలో నేనే పువ్వు పెట్టుకుంటే వాసన కూడా తెలియలేదు.

మీటర్‌ను మెల్లగా సంచీలో పెట్టేద్దామనుకున్నాను. నిజమే చెబుతున్నాను, అనుకున్నాను. భాయ్ అప్పుడు ఆకుపచ్చ రంగు గురించి మాట్లాడుతున్నాడు. కానీ ఆయన కళ్ళు నా చేతి మీదే ఉన్నాయి.

"ఎంతొచ్చింది?"

"నీది జర గట్టిగ మోగుతుంది భాయ్. తప్పు నాది. చెవితోని సరిజేసిన."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటుండగానే లేచి దుప్పటి మళ్ళీ కట్టాడు. "గట్లయితె అది గెలుపు గాదు. మళ్ల పెట్టు. ఈసారి మీటర్‌తోని."

కుక్కర్ దించి వస్తానన్న మా ఆవిడ, దించి నిజంగానే పరుగున వచ్చింది. ముగ్గురిలోనూ ఇప్పుడు ఆమెకే ఉత్కంఠ ఎక్కువ. వోల్టులు సమానం చేశాక నేను మళ్ళీ పన్నెండు సార్లు విన్నాను. బరాత్ ఈసారి కిటికీ అవతలా పోలేదు, నన్ను తన నడుమకూ లాక్కోలేదు. రెండింటిలోనూ ఒకే వీధిలో ఒకే తీరుగా నడిచింది. లెక్క చూస్తే ఆరు అటు, ఆరు ఇటు. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. తర్వాత వినడానికి భాయ్ కూర్చున్నాడు. తను రెండేళ్ళు చేతులతో చేసిన డబ్బా అనుకుని ఐదు సార్లు వెండి పెట్టెను మెచ్చుకున్నాడు.

నాకు ఒళ్ళు మళ్ళీ జల్లుమంది. సముద్రాలు దాటి వచ్చిన పెట్టెకూ, స్టెబిలైజర్ డబ్బాలో పుట్టినదానికీ తేడా చెప్పలేకపోతున్నామంటే అది ఓటమెట్లా అవుతుంది? అదే అనబోతే ఆయన చేయి ఎత్తి ఆపాడు. హెడ్‌ఫోన్లు ఇంకా తీయలేదు. మర్ఫా అయిపోయింది, అయినా వింటున్నాడు. స్విచ్ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నాకిచ్చి వినమన్నాడు. వెండి పెట్టెలో ఏమీ లేదు. డబ్బాలో మాత్రం చాలా సన్నగా, దూరంగా ఎక్కడో తేనెటీగ తిరుగుతున్నట్టు జుమ్మని ఒక శబ్దం.

పాట నడుస్తుంటే అది వినపడదని నేను వాదించాను. "పాట అయిపోయినంక వినవడ్తది," అన్నాడు. అని, డబ్బా తీగలు ఊడదీసి సంచీ నోరు తెరిచాడు. ఓడితే మళ్ళీ మిక్సీలే అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

అప్పుడు నాకు పనికొచ్చింది నా చెవి కాదు, నా ఉద్యోగం. "మా కాడ రిజెక్ట్ అంటె పారేసుడు గాదు భాయ్," అన్నాను. "పారేసేదానికి ఎర్రచీటి అంటిస్తం. బాగైతదంటె పసుపుచీటి అంటించి మళ్ల పనికి పంపుతం. నీ డబ్బాకు నేను పసుపుచీటే రాస్త."

ఆయన సంచీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత మా ఆవిడను స్క్రూడ్రైవర్ అడిగాడు.

అన్నం పెట్టాల్సిన బల్ల మీద డబ్బా మూత ఊడింది. జుమ్మనేది లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అనీ, అది కూర్చున్న దిక్కు మారిస్తే తగ్గొచ్చనీ భాయ్ అనుమానం. ఎంత మార్చాలో తెలియాలంటే కరెంటు ఉండగానే తిప్పాలి, చేయి పెట్టకూడదు. మా ఆవిడ పప్పు గిన్నెలోంచి చెక్క గరిటె తీసి, కడిగి, పొడిగా తుడిచి ఇచ్చింది. ఆయన మరలు వదులు చేసి, తీగలు మళ్ళీ తగిలించి, గరిటె కాడతో ట్రాన్స్‌ఫార్మర్‌ను తోస్తున్నాడు. నేను హెడ్‌ఫోన్లతో తేనెటీగ జాడ చెబుతున్నాను. కుడికి తోస్తే దగ్గరకొచ్చింది. ఎడమకు తోస్తే కొంచెం దూరం పోయింది.

అంతలో వెండి పెట్టె ఇచ్చిన దుకాణం నుంచి ఫోన్. మా ఆవిడ ఎత్తి, పెట్టె ఉంచుకుంటున్నారా వాపసిస్తున్నారా అని అడుగుతున్నారని సైగ చేసింది. తేనెటీగ ఇంకా పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు. భాయ్ గరిటె ఆపి నా వైపు చూడకుండా ట్రాన్స్‌ఫార్మర్‌నే చూస్తున్నాడు. వాపసు అని చేయి తిప్పాను. ఆమె సాయంత్రం తెచ్చిస్తారని చెప్పి ఫోన్ పెట్టేసింది.

గరిటె మళ్ళీ కదిలింది. తేనెటీగ వీధి చివరకు పోయింది, మలుపు తిరిగింది. ఇంకా, ఇంకా అంటూ చేత్తో చూపించాను. ఒక చోట ఆగమన్నాను. ఊపిరి బిగబట్టి విన్నాను. వాల్యూమ్ గుబ్బను చివరిదాకా తిప్పి మళ్ళీ విన్నాను.

"ఏం వినవడ్తలేదు భాయ్," అన్నాను.

ఆయన గరిటెను కదలనివ్వకుండా అలాగే పట్టుకుని, ప్లగ్గు తీయించి, ఇంకో చేత్తో మరలు బిగించాడు. "మళ్ల చెప్పన్నా," అన్నాడు.